కూలర్ తొట్టి అమ్మవారు

జోగిపేట,
9 జూన్ 2025

మా అక్క రుక్కమ్మ పాదాలకు తమ్ముడు లింగమూర్తి నమస్కారం.

నీ ఉత్తరం చదివి నిర్ఘాంతపోయాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. అదేం ఊరు అక్కా! మనిషి తన గడప ముందు నాలుగు పూలకుండీలు పెట్టుకుంటే అందులో గుట్కా ఉమ్మేసి పోతారా? బండ్లు ఆనించి కనకాంబరాల కొమ్మలు విరగ్గొడతారా? విచ్చుకోని మొగ్గను తెంపి రోడ్డు మీద పారేయడమంటే, అన్నానికి కూర్చున్నవాడి ముందు నుంచి విస్తరి లాగేయడమే. లంకలో రాక్షసులు కూడా అశోకవనానికి కాపలా పెట్టుకున్నారు. మాదాపూర్‌లో ఆ మాత్రం మర్యాద కూడా లేదన్నమాట.

నీకు చెవులు సరిగా వినిపించవు కాబట్టి ఫోన్ దండగ. కాగితం మీద చెబుతున్నాను, జాగ్రత్తగా విను. ఒక గుండ్రటి రాయి వెతుకు. కడుగు. పసుపు పూసి కుంకుమ బొట్టు పెట్టు. మందారం పెట్టిన ఆ పాత కూలర్ తొట్టిలో, చెట్టు మొదట్లో కూర్చోబెట్టు. అంతే. గోడ మీద దేవుడి బొమ్మ కనిపిస్తే ఎంతటి బరితెగించినవాడైనా ప్యాంటు సర్దుకుని పక్క గోడకు పోతాడు, చూడలేదా? దేవుడి భయం లేనివాడికి కూడా బొట్టు భయం ఉంటుంది. ముప్పై ఏళ్ళు బస్సులో కండక్టరుగా జనాన్ని చూసినవాణ్ణి, తర్వాత శాస్త్రం చదివినవాణ్ణి, చెబుతున్నాను.

కృష్ణప్రియకు వేవిళ్ళు తగ్గాయా? అల్లుడు దినేశ్ హఫీజ్‌పేట్‌లో ఎంత పెద్ద ఫ్లాటులో ఉన్నా తొలి కాన్పు పుట్టింటిదే. అది మన పద్ధతి. తల్లీబిడ్డలు నీ గడప దాటి లోపలికి రావాలి.

ధర్మం వైపు నిలబడే నీ తమ్ముడు,
లింగమూర్తి


మాదాపూర్ పాత ఊరు,
1 జూలై 2025

తమ్ముడు లింగమూర్తికి అక్క దీవెనలు. మరదలిని అడిగినట్టు చెప్పు.

నీ మందు పనిచేసింది తమ్ముడా! రోడ్డు పనివాళ్ళు పోసిన కుప్పలోంచి కోడిగుడ్డంత నున్నగా ఉన్న రాయి ఏరి తెచ్చి, నువ్వు చెప్పినట్టే చేశాను. మొదటి రోజే ఒకడు ఉమ్మబోయి, బొట్టు చూసి, నోట్లో ఉన్నదంతా గుటుక్కున మింగాడు. నాకే పాపం అనిపించి నీళ్ళిచ్చాను. ఇప్పుడు బండ్లు కూడా దూరంగా పెడుతున్నారు. పూల గమ్లాలన్నీ ఒక్క వరుసలో నిండుగా ఉన్నాయి. పెయింటు డబ్బాల్లో బంతి, పగిలిన కాగులో మల్లె. రాయదుర్గం వైపు కొత్తగా లేచిన అద్దాల టవరు మీద పడ్డ ఎండ సాయంత్రం తిరిగి మన వీధిలోకే కొడుతుంది. ఒక సూర్యుడు చాలనట్టు రెండో సూర్యుడు. అందుకని గోనెపట్టా కడుతున్నాను.

నవ్వుకునే ముచ్చట ఒకటి చెప్తాను. ఎదురుగా ఆడపిల్లల హాస్టల్ ఉంది కదా, అందులో నీహారిక అనే పిల్ల, రాజమండ్రి వైపు. కంపెనీలో తీసేశారట, మూడు నెలలుగా తిరుగుతోంది. ఇంటర్వ్యూకు పోతూ తొట్టి దగ్గర ఆగి దండం పెట్టింది. "అది ఉత్త రాయి బిడ్డా, గుట్కావాళ్ళ కోసం పెట్టిన" అన్నాను. "అలా అనకూడదు ఆంటీ" అని చెంపలు వేసుకుంది. ఏమైందో ఏమో, ఉద్యోగం వచ్చింది. కొబ్బరికాయ తెచ్చి కొట్టింది. చెట్నీ చేసి దానికే పెట్టాను.

కృష్ణప్రియకు ఆరో నెల. దీపావళి దాటినాక కాన్పు అన్నారు దవాఖానలో. ముందర అర్రకు సున్నం వేయించాలి. పురుటి మంచం అక్కడే వేస్తాను. పిల్ల పడుకునే చోటికి కిటికీలోంచి పూలు కనిపించాలి.

మీ అక్క
రుక్కమ్మ


జోగిపేట,
19 జూలై 2025

అక్కా, నమస్కారం. మిగతా మర్యాదలు తర్వాత. ముందు నా గుండె దడ తగ్గనీ.

నీ ఉత్తరం వచ్చిన శనివారమే రామమందిరం ఉపన్యాసంలో దాన్ని దృష్టాంతంగా చెప్పాను. మింగినవాడి ముచ్చట చెబితే జనం పొట్టలు పట్టుకున్నారు. పసుపు ముద్దకే ఇంత భయపడే మనిషి లోపలున్న పరమాత్మకు ఎందుకు భయపడడని అడిగాను. మందిరం దద్దరిల్లింది. అంతవరకు బాగానే ఉంది.

నిన్న మన బట్టల దుకాణం వాళ్ళ రాకేశ్ వచ్చాడు. మీ మాదాపూర్‌లోనే ఉద్యోగం వాడికి. "తాతా, గిది మీ అక్క ఇల్లే గదా?" అని ఫోన్ నా ముఖానికి పెట్టాడు.  నీ గడప ముందు వరుస! మెడలో గుర్తింపు కార్డులు వేసుకున్న పిల్లలు చెప్పులు విడిచి నిలబడ్డారు. మందారం కనిపించడం లేదు, గాజులూ దారాలూ వేలాడుతున్నాయి. "ఇంటామెకు పూనకం వస్తదట తాతా, ఉద్యోగం వస్తదో రాదో చెప్తదట" అన్నాడు.

అక్కా! ప్రతిష్ఠ లేదు, మంత్రం లేదు, రాయి రాయే! దొంగలను బెదిరించమన్నాను గానీ భక్తులను పోగు చేయమన్నానా? ఈ వయసులో జుట్టు విరబోసుకుని ఊగుతున్నావా? నేను నాలుగు ఊళ్ళలో నిజమైన భక్తి ఏదో చెప్పుకు తిరుగుతుంటే, నా సొంత అక్క నా వెనకే బూటకపు దేవతను నిలబెట్టిందా? రంగు మార్చి వచ్చిన లేడిని నమ్మితే ఏమైందో నీకు నేను చెప్పాలా?

వెంటనే ఆపు.

తల ఎత్తుకోలేకపోతున్న
లింగమూర్తి


మాదాపూర్,
11 ఆగస్టు 2025

తమ్ముడా,

నీ ఉత్తరం చదివి ఒక పూట అన్నం తినలేదు. తర్వాత ఆకలయి తిన్నాను. నాకు పూనకమా? మోకాళ్ళ నొప్పితో పీట మీద నుంచి లేవలేనిదాన్ని, ఊగుతానా? ఎవడో చెప్పాడట, నువ్వు నమ్మావట. చిన్నప్పుడు నిన్ను చంకలో మోసిన దాన్ని ఒక్క మాట అడిగి తిట్టవద్దా?

అయినా అడుగుతున్నాను, నువ్వు చేసిన పని ఏంది మరి? హాస్టల్ నడిపే వెంకటలక్ష్మి నా కిటికీకి మైకు కట్టింది. అందులో నీ గొంతు! "స్తంభంలో ఉన్న స్వామి పూలతొట్టిలో ఉండడా? ఆ గడప ముందు తల వంచకుండా పోయేవాడు మనిషేనా?" తెల్లారితే అదే, పొద్దు గూకితే అదే. ఏమీ వినిపించని నా చెవులకు కూడా వినిపిస్తోంది. నీ బొమ్మ కూడా అచ్చు వేయించి రేకుకు అంటించారు, జోగిపేట స్వామి అని. నీకూ ఆమెకూ మాట ఉందనే అనుకున్నాను. నాకు తెలియకుండా నా ఇంటి ముందు గుడి కట్టిస్తూ, నన్నే పూనకం అని ఎందుకు తిడుతున్నావో అర్థం కాలేదు.

రేకుల పందిరి వేశారు. గమ్లాల చుట్టూ ఇనుప జాలీ పెట్టారు. తాళం వెంకటలక్ష్మి దగ్గర ఉంది. చెడ్డమనిషి కాదు, భీమవరం ఆమె, నాకు రోజూ పులిహోర పంపుతుంది. "అమ్మా, మీరు వెనక సందులోంచి వెళ్తే పోలేదా అండి? అమ్మవారికి అడ్డం రాకూడదు కదండి" అంటుంది. కాబట్టి నేను స్నానాల గది పక్క సందులోంచి నా ఇంట్లోకి పోతున్నాను.

మందారానికి పాలు పోస్తున్నారు. పెరుగు పోస్తున్నారు. ఆకులు పసుపుపచ్చగా అయి రాలుతున్నాయి. జాలీలోంచి వేలు పెట్టి మట్టి ముట్టుకుంటే కుళ్ళు వాసన. ఒక్క మల్లెమొగ్గ తెంపుకుందామంటే, "ఆంటీ, అది అమ్మవారిది" అన్నది ఎవరో పిల్ల. నేను పెట్టిన అంటు అది, తమ్ముడా.

రుక్కమ్మ


జోగిపేట,
8 సెప్టెంబర్ 2025

అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటున్నాను. నిన్ను అనుమానించిన నోరు ఇది. దీన్ని ఏం చేసినా పాపం లేదు.

కానీ రామసాక్షిగా చెబుతున్నాను, నాకూ వెంకటలక్ష్మికీ ముఖపరిచయం కూడా లేదు. ఆ శనివారం మందిరంలో ఎవడో నా మాటలు ఫోన్‌లో పట్టాడు. నేను అన్నదేమిటి? "స్తంభంలో ఉన్న స్వామి పూలతొట్టిలో ఉండడా? ఉంటాడు. ఆ గడప ముందు తల వంచకుండా పోయేవాడు మనిషేనా? కానీ అంతకంటే ముందు స్వామి ఆ తొట్టికి నీళ్ళు పోసే మనిషిలో ఉంటాడు. ఆ మనిషిని వదిలి రాయికి మొక్కకండి" అన్నాను. ముందు సగం ఉంచుకున్నారు, వెనక సగం కోసి పారేశారు! ఇన్నేళ్ళ నా చదువు, నా అరుపు, ఆ కత్తిరించిన ముక్కలో మిగిలింది నీ గడపకు తాళం.

ఆ హాస్టల్ ఆమె నంబరు రాకేశ్ చేత సంపాదించి ఫోన్ చేశాను. ఇంకో ఆశ్చర్యం విను. "అది రాయి తల్లీ, తీసేయండి" అని గట్టిగా చెప్పాను. ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. "ఎంత వినయం స్వామీ! మహాత్ములు ఇలాగే తప్పించుకుంటారండి. మీరు కాదన్నకొద్దీ మాకు నమ్మకం పెరుగుతోంది" అన్నది. ఫోన్ పెట్టేసి గోడకు ఆనుకున్నాను. అవునంటే దేవుడు, కాదంటే ఇంకా పెద్ద దేవుడు. 

నేనే రావాలి. వచ్చి, అందరి ముందు ఉద్వాసన చెప్పి, రాయిని సాగనంపాలి. అయితే ఇప్పుడు పితృపక్షం, శుభం కాదు. అది దాటగానే దేవీ నవరాత్రులు. ఆ తొమ్మిది రోజులూ మందిరంలో నా ఉపన్యాసాలే, కరపత్రాలు కూడా పంచేశారు. దసరా పోనివ్వు. కాస్త ఓర్చుకో.

నీ తమ్ముడు
లింగమూర్తి


మాదాపూర్,
29 సెప్టెంబర్ 2025

తమ్ముడా,

నీకు ఉపన్యాసాలు ఉన్నాయని తెలుసు. అయినా రాయక తప్పడం లేదు.

నిన్న వెంకటలక్ష్మి, ఇంకో నలుగురు ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు. కృష్ణప్రియ పురిటికి వస్తున్న సంగతి అప్పటిదాకా వాళ్ళకు తెలియదు. ముందర అర్రలో మంచం చూసి అడిగారు.

"అమ్మా, మాకు మాత్రం సంతోషం కాదా అండి? కానీ పురుడు కదా. గుమ్మంలోనే అమ్మవారు. ఆ మైల తీరేదాకా, ఇరవై ఒక్క రోజులు, ఎక్కడైనా ఉంచండి. పోనీ మా హాస్టల్లో గది ఇస్తాను."

"నీ హాస్టల్ ఎదురుంగనే ఉన్నది గదమ్మా. గాడికి రాదా మైల?"

"రోడ్డు అడ్డం ఉంది కదండి!"

నేను నవ్వాను. వాళ్ళు నవ్వలేదు. ఒకామె ఫోన్ తీసి నీ మాటలే పెట్టింది, ఎప్పటివో. పురుటి మైల తీరని మనిషి దేవుడి వాకిలి ముందు నుంచి నడిస్తే ఆ ఇంటికి ఏడు తరాల కీడు అని నువ్వు అరుస్తున్నావు. చేయి పైకెత్తి మరీ.

ఇంక నేనేం మాట్లాడను? నా తమ్ముడే అన్నాడాయె.

వెనక సందు మురుగు మోరీ పైపుల కోసం తవ్వారు. గుంత మీద వేసిన పలక మీద నేనే గోడ పట్టుకుని నడుస్తున్నాను. పచ్చి బాలింత ఎట్లా వస్తుంది? అల్లుడు మంచోడు. "అత్తమ్మా, ఫికర్ చేయకుండ్రి, మా ఫ్లాట్‌కే తోల్కపోత" అన్నాడు. కానీ కృష్ణప్రియ నా దగ్గర కూర్చుని కాగితం మీద రాసి చూపించింది, నాకు సరిగ్గా అర్థం కావాలని. "అమ్మా, నా ఇంటికి నేను రావద్దా?" అని. రాసి నా ముఖమే చూస్తూ కూర్చుంది.

నువ్వు చెప్పు. రాయి ఉండాల్నా, బిడ్డ రావాల్నా? ఏదైనా ఒకటి రాసి పంపు. వాళ్ళకు చూపిస్తాను. నీ మాటయితే వింటారు.

రుక్కమ్మ


జోగిపేట,
6 అక్టోబర్ 2025

అక్కా,

ఈసారి నా నోరు పడిపోయిందంటే అతిశయోక్తి కాదు. దసరా ముందు రోజు సాయంత్రం నీ ఉత్తరం అందింది. ఉపన్యాసానికి లేచి నిలబడ్డాను. ఎదురుగా ముందు వరుసలో ఒక తల్లి పసిపిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఒక్క మాట పలకలేక కూర్చుండిపోయాను. స్వామికి ఆవేశం వచ్చిందనుకుని హారతి ఇచ్చారు.

ఏడు తరాల కీడు! అది ఏ శాస్త్రంలో ఉంది? నా దగ్గరున్న పుస్తకాలన్నీ కింద పోసి వెతికాను. బాలింతకు విశ్రాంతి కావాలని ఉంది, ఆమెకు పనులు చెప్పవద్దని ఉంది, గుడికి నడిపించవద్దని ఉంది. ఏడు తరాలు నాది. జనం నిద్రపోతున్నారని ఆ రోజు గొంతు పెంచి, ఊపులో అన్న మాట.

ఇంకొకటి తోచింది. స్తంభం, స్తంభం అని గొంతు చించుకున్నానే, ఆ స్తంభం చీల్చుకుని స్వామి వచ్చింది ఎవరి కోసం? ఒక పసివాడి కోసం. నా మాట ఒక పసిదాన్ని గుమ్మం బయట నిలబెడుతోంది.

వాళ్ళకు ఇది చూపించు: బిడ్డ రావాలి. లింగమూర్తి చెబుతున్నాడు.

దీపావళి వెళ్ళిన రెండో నాడు బుధవారం నేను వచ్చి ఉద్వాసన చెబుతాను. కాన్పుకు ఇంకా వ్యవధి ఉంది కదా. అంతవరకు రాయిని ఎవరూ తాకవద్దు. నువ్వు కూడా తాకకు అక్కా. ఇన్ని వందల మంది మొక్కిన రాయి, చెప్పకుండా కదిలిస్తే మంచిది కాదేమోనని నా మనసు పీకుతోంది.

లింగమూర్తి


మాదాపూర్,
13 అక్టోబర్ 2025

తమ్ముడు లింగమూర్తికి అక్క దీవెనలు. నువ్వు తాతవయ్యావు. శుక్రవారం పొద్దున కృష్ణప్రియకు ఆడపిల్ల. ముందే వచ్చింది, అయినా బలంగా ఉంది. ముక్కు మన అమ్మది.

నిన్న ఆదివారం దవాఖాన నుంచి పంపించారు. నీ ఉత్తరం వాళ్ళకు అంతకుముందే చూపించాను. వెంకటలక్ష్మి కళ్ళకద్దుకుని, "స్వామి వచ్చి ఉద్వాసన చెప్పేదాకా ఆగుదాం అండి, ఆయనే రాయిని తాకొద్దన్నారు కదా" అన్నది. నువ్వు రాసిన దాంట్లో మళ్ళీ సగమే పనికొచ్చింది వాళ్ళకు. ముందు రాయి రాయే అన్నావు, ఇప్పుడు తాకవద్దన్నావు. నువ్వు ఏదో ఒక దిక్కు నిలబడరాదా తమ్ముడా?

ఆటో వచ్చి ఆగింది. వాన తుంపర పడుతోంది. జాలీ ముందు పది పదిహేను మంది ఉన్నారు. కృష్ణప్రియ బిడ్డను కొంగు కింద పెట్టుకుని దిగలేక కూర్చుంది. దినేశ్ ముఖం చూస్తే ఏడుపు వస్తుంది. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. అందరూ బతిమాలారు. అదే నాకు కోపం తెప్పించింది. తిడితే తిరిగి తిట్టేదాన్ని.

తాళం చెవి ఇమ్మని చేయి చాపాను. వెంకటలక్ష్మి ఇవ్వలేదు. నీహారిక, ఆ మొదటి కొబ్బరికాయ పిల్ల, ఆమె నడుముకున్న తాళాల గుత్తి లాక్కుని నాకు ఇచ్చింది. 

జాలీ తీశాను. దారాలు తెంపాను. గాజులు పక్కకు జరిపాను. రాయి తీసి కొంగుతో తుడిచాను. అందరూ "అయ్యో" అన్నారు, నాకు కూడా వినిపించింది. ఏమీ కాలేదు, తమ్ముడా. ఉరుము కూడా లేదు.

రాయి పట్టుకుని వెంకటలక్ష్మి ముందు నిలబడ్డాను. "నీకు అమ్మోరు గావాలె గద? నేను గుంజుకపోతలేను. తీస్కపోయి నీ గేటు ముందర పెట్టుకో" అన్నాను.

ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. "అమ్మో, మా దగ్గర కుదరదండి. అరవై మంది ఆడపిల్లలు. ప్రతిరోజూ ఎవరో ఒకరు బయట ఉంటారు కదండి."

పక్కామె వైపు తిరిగాను. వాళ్ళ ఇంట్లో కోడలికి నెల తప్పిందట, వద్దన్నది. ఇంకొకామె, "మేము ఆదివారం మాంసం వండుకుంటం" అన్నది. ఇంకొకరింట్లో ముసలాయన మంచంలో ఉన్నాడట, ఎప్పుడేమవుతుందో తెలియదట. నేను రాయి పట్టుకుని ఒక్కొక్కరి ముందుకు పోయాను. ఒక్కొక్కరూ చేతులు వెనక్కి పెట్టుకున్నారు. ఇన్ని నెలలు మొక్కినవాళ్ళు, ఒక్కరంటే ఒక్కరు చేయి చాపలేదు.

"మీ ఇండ్లల్ల మనుషులుంటరు. మరి నా ఇంట్ల ఎవరుంటరనుకున్నరు?" అని అడిగాను.

  

మొదట వెంకటలక్ష్మే పక్కకు జరిగింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత గొడుగు తెచ్చి కృష్ణప్రియ తల మీద పట్టింది. మా అమ్మాయి, బిడ్డ, ముందు గుమ్మంలోంచి కుడికాలు పెట్టి లోపలికి వచ్చారు.

తొట్టి ఒక పక్కకు ఒరిగి ఉంది, రాయిని దాని అడుగున ఆనికగా పెట్టాను. నువ్వు గుండె పట్టుకుంటావని తెలుసు. మందారం బతుకుతుందో లేదో చెప్పలేను. కుళ్ళిన మట్టి తీసేసి కొత్తది పోశాను. ఇంక నీ ఉద్వాసన అవసరం లేదు. వస్తే పిల్లను చూడడానికి రా. కానీ ఆలోచించుకో. పురుటింట్లో అన్నం తిని పోతే నీ మందిరంవాళ్ళు ఏమంటారో.

రుక్కమ్మ


జోగిపేట,
17 అక్టోబర్ 2025

అక్కా,

ఈ ఉత్తరం నా వెనకే రావచ్చు. రేపు పొద్దున బస్సు ఎక్కుతున్నాను. అయినా రాస్తున్నాను. నీ చెవికి వినిపించేలా చెప్పాలంటే అరవాలి. అరిస్తే వీధంతా వింటుంది, ఎవడో పట్టుకుంటాడు, సగం కోస్తాడు. ఇది నీకొక్కదానికే చెప్పవలసిన మాట.

నీ ఉత్తరం చదివి నాలుగు పూటలయింది. నేనింకా తేరుకోలేదు. రాయి అడుగున పెట్టావని కాదు. అన్ని చేతులూ వెనక్కి పోయాయన్నావే, అక్కడ నేనుంటే ఏం చేసేవాణ్ణని నన్ను నేను అడుగుతున్నాను. శ్లోకం చెప్పేవాణ్ణి అక్కా. చేతులు వెనక్కి పెట్టుకుని శ్లోకం చెప్పేవాణ్ణి.

మందిరం పెద్దలను పిలిచి, నాకు పురుడు వచ్చింది, అది తీరేదాకా పీఠం ఎక్కనని చెప్పాను. వాళ్ళు తెల్లబోయారు. "అదేంది స్వామీ, అక్క బిడ్డ కాన్పు. గోత్రం వేరు గదా, మీకు పురుడు ఉండదు. మీరే చెప్పిండ్రు గదా!" అన్నారు. నేను చెప్పినవన్నీ ఎంత బాగా గుర్తుపెట్టుకున్నారో! "నాకు లేకపోతే పోయి తెచ్చుకుంటా" అన్నాను. దీపావళి హారతి ఎవరిస్తారని అడిగారు. మీరే ఇచ్చుకోండి, చేతులు ఉన్నాయి కదా అన్నాను.

నేను రాగానే స్నానానికి నీళ్ళు పెట్టకు. బిడ్డను తెచ్చి నా ఒళ్ళో పడుకోబెట్టు. ఇరవై ఒక్క రోజులు నేను ఏ గుడికీ పనికిరాను.

నీ తమ్ముడు
లింగమూర్తి